చెయ్యి పోతే పని కూడా పోవాలా?



ఊడ్పులు రానివ్వండి, చెరకు నరకడం రానివ్వండి, జీడిపిక్కలు ఏరే రోజులు రానివ్వండి, మన పల్లెల్లో వినబడే మాట ఒక్కటే: "మనుషులు దొరకటం లేదండీ." కూలి పెంచినా రావటం లేదంటాము. పక్క ఊరినుంచి ఆటోలో తెప్పించుకుంటాము. బాగానే ఉన్నది. కాని అదే ఊళ్ళో, అదే వీధిలో, పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా అరుగుమీద ఊరికే కూర్చొని ఉండే మనిషి ఒకరిద్దరయినా ఉంటారు. ఒకరికి చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు చచ్చుబడి ఉంటుంది. ఒకరికి గానుగలో పడి చెయ్యి పోయి ఉంటుంది. ఒకరికి చూపు లేదు, ఇంకొకరికి వినబడదు. మనుషులు దొరకటం లేదని చెప్పుకునేటప్పుడు ఈ మనుషులు మన లెక్కలోకి రారు. ఎందుకు రారు? ఈ వేళ మనం ఆలోచించవలసిన సంగతి అదే.

జాలిపడమని మిమ్మల్ని అడగటం లేదు. జాలి మన ఊళ్ళలో చాలినంత ఉన్నది. పండక్కి పిలిచి అన్నం పెడతాము, పాతబట్టలు ఇస్తాము. పనిలోకి మాత్రం పిలవము. అన్నం పెట్టిన చేతిని ఆ మనిషి ఒక పూట తలుచుకుంటాడు. పని ఇచ్చి కూలి లెక్కగట్టి చేతిలో పెట్టినవాడి దగ్గర తలెత్తుకొని నిలబడతాడు. ఈ రెంటికీ ఎంత తేడా ఉన్నదో రెక్కల కష్టం తెలిసిన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

ముందుగా నాలుగు అంకెలు చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. అందులో 1 కోటి 86 లక్షలమంది పల్లెల్లోనే ఉన్నారు. అంటే ఇది పట్నాల సమస్య కాదు, మన సమస్య. మొత్తం వికలాంగులలో ఏదో ఒక పని చేసుకుంటున్నవారు నూటికి 36 మంది మాత్రమే. ఆడవాళ్ళలో అయితే నూటికి 23 మందే. తక్కినవారిలో చిన్నపిల్లలనీ ముసలివారినీ తీసివేసినా, పని చెయ్యగలిగి ఉండి పని లేనివారు ఎందరో మిగులుతారు.

వైకల్యం ఎక్కడినుంచి వస్తున్నదో కూడా ఒక్క మాట చెప్పుకోవాలి. పోలియో మన దేశంలో ఆఖరుసారి 2011 జనవరిలో కనబడింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించింది. చుక్కల మందు పుణ్యమా అని మన పిల్లలకు ఆ బాధ తప్పింది. కాని పోలియో వెళ్ళిపోయినా పొలం ప్రమాదాలు పోలేదు. గానుగ రోలర్లకు చెరకు అందిస్తూ ఉండగా చొక్కా చెయ్యో, చీర కొంగో చిక్కుకుంటుంది. నూర్పిడి యంత్రంలో చెయ్యి పోతుంది. తాటిచెట్టు మీదినుంచి, కొబ్బరిచెట్టు మీదినుంచి పడితే నడుము విరుగుతుంది. చక్కెర జబ్బు ముదిరి కాలు తీసివెయ్యవలసిన వారున్నారు. ఇవాళ రెండు చేతులతో పని చేస్తున్నవాడు రేపు ఎలా ఉంటాడో ఎవరు చెప్పగలరు? అందుచేత ఇది ఎవరో వేరేవాళ్ళ సంగతి కాదు. మన ఇంటి సంగతి.

గానుగ ఉన్న రైతులు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. నూర్పిడి యంత్రాలకు గింజ అందించే తొట్టి 90 సెంటీమీటర్లకు తగ్గకూడదనీ, అందులో సగం మేరకు పైన మూత ఉండాలనీ ప్రమాణం పెట్టారు. ఎందుకంటే మనిషి చెయ్యి ఎంత చాపినా లోపలి పళ్ళకు అందకూడదు. గానుగకు కూడా ఇదే సూత్రం. చెరకు అందించే బల్ల మన చేతికంటె పొడుగ్గా ఉండాలి. బెల్టుకు కంచె ఉండాలి. వేలాడే బట్టలతో, నిద్రకళ్ళతో, రాత్రి మూడో జాములో ఎవరినీ గానుగ దగ్గర నిలబెట్టకండి. చెక్క బల్లకు అయ్యే ఖర్చెంత? ఒక మనిషి చెయ్యి వెలకు అది ఏ మూలకు వస్తుంది?

ఇక అసలు విషయానికి వద్దాము. అంగవైకల్యం ఉన్నవారికి వ్యవసాయంలో ఏం పని ఉంటుందని మీరు అడగవచ్చును. నన్నడిగితే ప్రశ్న తిరగవెయ్యమంటాను. ఆ మనిషికి లేనిదేమిటో చూడటం మాని, ముందు పనిని చూడండి. వ్యవసాయం అనేది ఒక్క పని కాదు గదా! నూరు చిన్న చిన్న పనుల మూట అది. మూట కట్టి ఉన్నంతసేపు బరువుగానే ఉంటుంది. విప్పి చూస్తే కూర్చొని చేసే పనులు, ఒంటిచేత్తో చేసే పనులు, చూపు అక్కరలేని పనులు అందులో ఎన్నో బయటపడతాయి.

మన రావికమతం ప్రాంతాన్నే తీసుకుందాము. అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నం డివిజనులో, కొండల అంచున ఉన్న మండలం ఇది. కళ్యాణపులోవ జలాశయం కింద వరి, పల్లంలో చెరకు, ఎగువన జీడిమామిడి తోటలు, ఆ పైన కొండ మీది గిరిజన గూడేలు. ఈ పంటలలో ఏ పని ఎవరికి కుదురుతుందో వరసగా చూడండి.

మొదట బెల్లం. అనకాపల్లి బెల్లానికి ఉన్న పేరు మీకు తెలిసినదే. ఆ పేరు వచ్చేది బరువులు మోయడంవల్ల కాదు, పాకం చూడటంవల్ల. ఉడుకుతున్న రసంలో మడ్డి ఎప్పుడు తియ్యాలి, సున్నం ఎంత వెయ్యాలి, పెనం ఎప్పుడు దించాలి అన్నదానిమీద బెల్లం రంగు, గట్టితనం ఆధారపడి ఉంటాయి. పాకం చుక్క చన్నీళ్ళలో వేసి రెండు వేళ్ళమధ్య నొక్కి చూస్తారు. దానికి కావలసింది అనుభవం. గానుగలో ఒక చెయ్యి పోయిన మనిషి ఇరవై ఏళ్ళు ఆ పని చేసి ఉంటే, రెండో చెయ్యికి ఆ నేర్పు పోలేదు. పాకం చూసే పెద్దగా అతన్ని ఉంచుకోండి. చెయ్యి పోయిన నెలలోనే అతన్ని ఇంటికి పంపి, పాకం తెలియని కుర్రవాణ్ణి పెట్టుకొని బెల్లం నల్లబడిందని ఏడవడం తెలివి కాదు. కాలు లేని మనిషి కూర్చొని దిమ్మలు తూచి లెక్క రాయవచ్చును, చుట్టి కట్టవచ్చును.

తరువాత జీడిపిక్కలు. చెట్టుకింద రాలిన పిక్కలు ఏరడానికి నడక కావాలి. కాని పిక్కను పండునుంచి వేరు చెయ్యడం, ఎండలో ఆరబెట్టి తిరగెయ్యడం, తాలు పిక్కలు ఏరివెయ్యడం అంతా కూర్చొని చేసే పనే. పిక్క కొట్టి పప్పు తీసేచోట పొట్టు తీసేవాళ్ళు, గుండు, బద్ద, ముక్క అని వేరు చేసేవాళ్ళు కావాలి. గుండుకూ బద్దకూ తేడా చూపు లేనివారికి కూడా వేళ్ళకే తెలుస్తుంది. రంగు మారిన పప్పు ఏరడం మాత్రం చూపు ఉన్నవారికి ఇవ్వండి. ఇక్కడ ఒక జాగ్రత్త. పిక్క పెంకులో ఉన్న నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు నూనె రాసుకోనిదే, తొడుగు వేసుకోనిదే ఎవరినీ కొట్టనివ్వకండి. కుష్ఠు నయమయి చేతులకు స్పర్శ తగ్గినవారికి ఈ పనీ, వేడి పెనం దగ్గరి పనీ అసలే ఇవ్వకూడదు. కాలినా వారికి తెలియదు. వారికి పిడి లావుగా గుడ్డ చుట్టిన పనిముట్లతో చేసే పని ఇవ్వండి.

కొండ గూడేలలో సంగతి వేరు. దారి సరిగ్గా లేనిచోట కాళ్ళు లేని మనిషి పనికోసం కిందకి దిగి రాలేడు. అక్కడ మనిషిని పనికి తేవడంకంటె పనినే మనిషి దగ్గరకు తీసుకుపోవడం మేలు. అడ్డాకులు విస్తళ్ళు కుట్టడం, చింతపండు గింజ తియ్యడం, కుంకుడుకాయలు కొట్టడం, చీపుళ్ళు కట్టడం ఇంటి గుమ్మంలో కూర్చొని చెయ్యవచ్చును. సరుకు కిందకి తెచ్చి సంతలో అమ్మే పని గూడెంలో నడవగలవారు కలిసి పంచుకోవాలి. కుట్టినవారి వాటా సరిగ్గా వాళ్ళ చేతికి అందాలి.

వరి రైతు దగ్గర కూడా పని లేకపోలేదు. విత్తనం ఉప్పునీటిలో వేసి తాలు తియ్యడం, విత్తనశుద్ధి చెయ్యడం, కూరగాయల నారు పెంచడం, పాలిథిన్ సంచుల్లో మట్టి నింపి మొక్క నాటడం, పుట్టగొడుగులు పెంచడం, నాటుకోళ్ళు, మేకలు, పాలు పితకడం, పాలకేంద్రంలో లెక్క రాయడం. పాలు పితకడానికి చూపుకంటె వేళ్ళు ముఖ్యం. అలవాటు పడ్డ ఆవు కూడా మనిషిని గొంతుతోనే గుర్తుపడుతుంది. వినబడనివారికి కళ్ళు చురుగ్గా పని చేస్తాయి. విత్తనం ఏరడంలో, ఆకు తెగులు కనిపెట్టడంలో వారిని పెట్టండి. కాని ట్రాక్టరు వెనకాల, అరిచి హెచ్చరించవలసిన చోట వారిని ఉంచకండి. వారితో చేతి సైగలు ముందే అనుకోండి. మోటారు దగ్గరయితే గంట బదులు దీపం వెలిగేటట్టు చెయ్యండి. బుద్ధి ఎదుగుదల తక్కువయిన పిల్లలకు ఒకసారికి ఒకే పని చూపించండి. రోజూ అదే వేళకు, అదే చోట, అదే వరసలో చేయిస్తే కొద్దిరోజులకు వారికి పట్టుబడుతుంది. విసుగుదలకు తావివ్వకూడదు.

పనిముట్టు మారిస్తే మనిషికి బలం వస్తుంది. మన వంటింటి కత్తిపీటను చూడండి. కత్తి కదలదు, కూర కదులుతుంది. అందుకే ఒంటిచేత్తో కూడా తరగవచ్చును. ఈ కత్తిపీట సూత్రమే పొలంలోనూ వాడుకోండి. పనిముట్టును బల్లకు బిగించి, వస్తువును దాని దగ్గరకు తెండి. గోనెసంచి నింపడానికి రెండో మనిషి మూతి పట్టుకోనక్కరలేకుండా ఒక ఇనప చట్రం కమ్మరిచేత చేయించండి. నారుమడి నేలమీద కాక, మూడు చక్రాల బండిలో కూర్చున్న మనిషి మోకాళ్ళు కిందకి దూరేటంత ఎత్తున వెదురు మంచె మీద వెయ్యండి. చూపు లేనివారికి గుమ్మం నుంచి పశువుల శాల దాకా, శాల నుంచి నూతి దాకా నడుమెత్తున తాడు కట్టండి. మొక్కలు వరసలో నాటడానికి తాడుకు సమదూరంలో ముడులు వేసి ఇవ్వండి, ముడి తగిలినచోట మొక్క పెడతారు. వీటిలో పెద్ద డబ్బుతో అయ్యేది ఒక్కటీ లేదు. వడ్రంగి, కమ్మరి, మీరు కలిసి ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. అన్నిటికంటె ముందు, ఎలా ఉంటే వీలుగా ఉంటుందో ఆ పని చేసే మనిషినే అడగండి. వారికి తెలిసినంత మనకు తెలియదు.

"ఇవన్నీ చెప్పుకోడానికి బాగానే ఉంటాయి, ఎక్కడయినా జరిగాయా?" అంటారేమో. జరిగాయి. గుజరాతులోని ఫణసా అనే పల్లెలో 1960లోనే చూపు లేనివారికి వ్యవసాయం నేర్పే కేంద్రం పెట్టారు. పంటపని, పశుపోషణ, కోళ్ళ పెంపకం నేర్పి తిరిగి వారి ఊళ్ళకే పంపడం దాని ఉద్దేశం. మన హైదరాబాదులో 1968లో వికలాంగులకు వృత్తి నేర్పే కేంద్ర ప్రభుత్వ కేంద్రం వెలసింది. ఇక మన మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో ఒక రైతు కుటుంబంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా సంగతి మీరు వినే ఉంటారు. పుట్టుకతో చూపు లేదు. ఇంటర్మీడియేటులో సైన్సు చదవనివ్వమంటే కోర్టుకెళ్ళి అనుమతి తెచ్చుకున్నారు. అమెరికాలో పెద్ద చదువు చదివి తిరిగి వచ్చి, 2012లో కంపెనీ పెట్టారు. పోకచెట్టు పట్టలతో పళ్ళేలు, కాగితపు సరుకులు చేసే ఆ కంపెనీలో వికలాంగులకు పెద్దఎత్తున పని ఇచ్చారు. ఆ పట్ట పొలంలో రాలిపోయే చెత్తే గదా! చెత్తలో సరుకును చూసిన చూపు అది.

అందరూ కంపెనీలు పెట్టలేరు, నిజమే. కాని అందరూ సంఘం కట్టవచ్చును. 2000 సంవత్సరంలో మన రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడిన తరువాత, వెలుగు పథకం కింద మహిళా సంఘాలతోపాటు ఊరూరా వికలాంగుల సంఘాలు, మండలానికొక సమాఖ్య కట్టే ప్రయత్నం జరిగింది. పదిమంది కలిసి పొదుపు చేసుకొని, అప్పు తెచ్చుకొని, మేకలో, చిల్లర కొట్టో పెట్టుకొన్నారు. ఒక్కడు వెళ్ళి అడిగితే పట్టించుకోని కచేరీ పదిమంది వెళ్ళి అడిగితే కుర్చీ వేస్తుంది. మీ ఊళ్ళో అటువంటి సంఘం ఉన్నదేమో చూడండి. ఉండి నిద్రపోతుంటే లేపండి.

చట్టం సంగతి కొంచెం తెలుసుకోవాలి. 1995లో మొదటి చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం చేశారు, 2017 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఇందులో 21 రకాల వైకల్యాలను గుర్తించారు. నూటికి 40 వంతులు, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వోద్యోగాలలో నూటికి 4 కేటాయించాలి. వ్యవసాయ భూముల పంపకంలోనూ, పేదరికం పోగొట్టే పథకాలలోనూ నూటికి 5 వంతులు వారికి దక్కాలి, అందులో స్త్రీలకు ముందు చోటు ఇవ్వాలి. ఈ 5 వంతుల సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. గ్రామసభలో భూముల మాట వచ్చినప్పుడు, పథకాల జాబితా చదివినప్పుడు లేచి అడగండి.

2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద మన రాష్ట్రంలో వికలాంగులకు విడిగా శ్రమశక్తి సంఘాలు కట్టారు. పనిచోట మంచినీళ్ళు అందించడం, కూలీల పిల్లల్ని చూడటం, మొక్కలకు నీళ్ళు పొయ్యడం వంటివి వారికి వీలయిన పనులని గుర్తించారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. చట్టం పేరు మారినా, మా ఒంటికి తగిన పని చూపించండని అడిగే నోరు మనకు ఉండాలి.

వీటన్నిటికీ తాళంచెవి సదరం ధ్రువపత్రం. ఊరి సచివాలయంలోగాని, మీసేవలోగాని ముందుగా రోజు రాయించుకొని, ప్రభుత్వాసుపత్రిలో జరిగే శిబిరానికి వెళ్ళాలి. ఆధార్ కార్డు, పాత వైద్యం కాగితాలు వెంట తీసుకుపోండి. నడవలేనివారిని తీసుకువెళ్ళడానికి ఒక ఆటో, ఒక తోడు ఊరివాళ్ళే ఏర్పాటు చెయ్యండి. సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనే వారికి 1997లో ఏర్పడ్డ జాతీయ వికలాంగుల ఆర్థిక సంస్థ బ్యాంకుల ద్వారా అప్పులిస్తుంది. అప్పు తెచ్చే ముందు సరుకు ఎక్కడ అమ్ముతారో చూసుకోండి. అమ్ముడుపోని సరుకు తయారు చేసి అప్పులపాలు కావద్దు.

పింఛను ఉన్నదిగదా, పని ఎందుకు అనేవారున్నారు. 2024 జులైనుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, మంచానికే పరిమితమయినవారికి 15,000 చేశారు. అది పెద్ద ఆసరా, కాదనలేము. కాని పింఛను కడుపు నింపుతుందేగాని పొద్దు గడపదు. పదిమందిలో కూర్చొని పని చేసి, మధ్యాహ్నం కలిసి అన్నం తిని, సాయంత్రం కూలి లెక్కబెట్టుకొని ఇంటికి వెళ్ళే తృప్తి పింఛనుతో రాదు. పనికి వెళితే పింఛను పోతుందన్న భయం చాలామందిలో ఉన్నది. పుకార్లు నమ్మి ఇంట్లో కూర్చోకండి. నిబంధనలేమిటో సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

కూలి మాట స్పష్టంగా చెప్పుకుందాము. అవిటివాడు గదా అని సగం కూలి ఇవ్వడం అన్యాయం. పప్పు ఏరడం, విస్తళ్ళు కుట్టడం వంటి పనులకు లెక్కన కూలి కట్టండి. ఎవరు ఎంత చేస్తే అంత, అందరికీ ఒకే రేటు. రోజు కూలి అయితే తక్కినవారితో సమానం. ఇంకొకటి. ఆ డబ్బు పని చేసినవారి చేతికే ఇవ్వండి, అన్నగారికో మామగారికో కాదు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఈ నియమం తప్పకూడదు. ఇంట్లో భారమనిపించుకొన్న పిల్ల తన డబ్బుతో తమ్ముడికి పుస్తకం కొన్న రోజున ఇంట్లో ఆమె మాటకు విలువ వస్తుంది.

పిలుపు కూడా మార్చుకోవాలి. కుంటివాడు, గుడ్డిది, మూగవాడు అని వైకల్యంతోనే పిలిచే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉన్నది. తల్లిదండ్రులు వారికి పేరు పెట్టారు. ఆ పేరుతో పిలవండి. పెద్దవారయితే అన్నా అనండి, అక్కా అనండి. దీనికి పైసా ఖర్చు లేదు.

"మంచివాళ్ళకే పని లేదు, వాళ్ళకెక్కడ తెస్తాము?" అనేవారికి ఒక్కటే జవాబు. పని తక్కువయినప్పుడు దాన్ని పంచుకొనే పద్ధతి ఉండాలిగాని, ఒంట్లో లోపం ఉన్నదని ముందుగా వారినే తీసివెయ్యకూడదు. పని ఎక్కువయి మనుషులు దొరకనప్పుడు మరి చెప్పేదేమున్నది?

కాబట్టి ఈ పుస్తకం మూసే ముందు ఒక పని చెయ్యండి. మీ కమతంలో ఏడాది పొడుగునా జరిగే పనులన్నీ ఒక కాగితం మీద వరసగా రాయండి. కూర్చొని చేసేవాటి పక్కన ఒక గుర్తు, ఒంటిచేత్తో అయ్యేవాటి పక్కన ఒక గుర్తు, చూపు అక్కరలేనివాటి పక్కన ఒక గుర్తు పెట్టండి. తరువాత మీ వీధిలో ఊరికే కూర్చున్న మనిషి పేరు తలుచుకోండి. గుర్తుపెట్టిన పనుల్లో ఒకటి ఆ మనిషికి సరిపోతుంది. రేపు పొద్దున వెళ్ళి, "మా కళ్ళంలో పని ఉన్నది, కూలి ఇంత, వస్తావా?" అని అడగండి.